దగ్గరి ఆసుపత్రిలో ‘కరెంటు’ పెట్టించుకోవడం ఎలా: ఫైలు సర్దుకోవడం నుంచి ఆఖరి సిట్టింగ్ దాకా

"రేడియేషన్ ఇవ్వాలి" అని డాక్టర్ చెప్పిన రోజు సాయంత్రమే ఇంట్లో వాదన మొదలవుతుంది. ఒకరు హైదరాబాద్ అంటారు, ఒకరు వెల్లూరు అంటారు, అమెరికాలో ఉన్న మేనల్లుడు ప్రోటాన్ అనే ఖరీదైన రేడియేషన్ గురించి వాట్సాప్‌లో వీడియో పంపుతాడు. వైద్యం చేయించుకోవాల్సిన మనిషి మాత్రం "ఇంటి నుంచి పోయి రాగలిగే చోట పెట్టించండి, అంతే చాలు" అంటుంది. మా పెద్దమ్మకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. మేం ఆవిడ మాటే విన్నాం, ఆ నిర్ణయం మంచిదే అయింది. కానీ మొదట్లోనే అడగాల్సిన ఒక ప్రశ్న అడగక, మధ్యలో 12 రోజులు పోగొట్టుకున్నాం. అదేమిటో చెప్తాను. మీరు ఆ తప్పు చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట మనసులో పెట్టుకోండి. మన ఊళ్లలో కరెంటు పెట్టడం అని పిలిచే ఈ రేడియేషన్‌లో ఆసుపత్రి ఎంత పెద్దది అనే దానికన్నా, మొదలుపెట్టిన కోర్సు ఒక్క రోజు కూడా తప్పకుండా సమయానికి పూర్తయిందా అన్నదే ఎక్కువ తేడా తెస్తుంది. నోరు, గొంతు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో కోర్సు అనుకున్నదానికన్నా సాగిపోతే, ఒక్కో రోజుకి సుమారు 1 శాతం చొప్పున జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం తగ్గుతుందని ఎన్నో అధ్యయనాలు చూపించాయి. ఆసుపత్రి ఎంపిక, ప్రయాణం, తిండి, అన్నీ ఈ లెక్కతోనే ఆలోచించండి.

మొదటి పని: ఫైలు

బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు, స్కాన్ రిపోర్టులు, స్కాన్ సీడీలు, ఆపరేషన్ అయి ఉంటే ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి కాగితం, వాడుతున్న మందుల చీటీ. ఇవన్నీ తేదీల వరసలో ఒకే ఫైల్లో పెట్టండి. ఫోన్లో కూడా ఫొటోలు తీసి ఉంచండి. బయాప్సీ రిపోర్టు లేకుండా ఎవరైనా రేడియేషన్ మొదలుపెడదాం అంటే ఎందుకో అడగండి. అలాంటి సందర్భాలు అరుదుగా ఉంటాయి, కానీ కారణం మీకు తెలియాలి.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, గతంలో శరీరంలో ఎక్కడైనా రేడియేషన్ తీసుకుని ఉన్నా, గర్భం వచ్చే అవకాశం ఉన్నా మొదటి రోజే చెప్పండి. పదేళ్ల క్రితం ఇంకో ఊళ్లో పెట్టించుకున్న కరెంటు గురించి చెప్పడం చాలామంది మర్చిపోతారు. డోసు లెక్క మొత్తం దానిమీద మారిపోతుంది.

రెండో పని: డాక్టర్ రాసిన పద్ధతి ఏమిటో అర్థం చేసుకోవడం

రేడియేషన్ రెండు దారుల్లో ఇస్తారు. మిషన్ బయట ఉండి శరీరంలోకి కిరణాలు పంపడం ఒకటి. చిన్న రేడియోధార్మిక గుళికను గొట్టం ద్వారా గడ్డ పక్కకే చేర్చడం రెండోది. ఈ రెండోదాన్ని బ్రాకీథెరపీ అంటారు, వార్డులో ఆయాలు ‘లోపలి కరెంటు’ అంటారు.

బయటి రేడియేషన్‌కి ఇప్పుడు ఎక్కువ చోట్ల లైనాక్ అని పిలిచే లీనియర్ యాక్సిలరేటర్ ఉంటోంది. ఇది విద్యుత్తుతోనే ఎక్స్‌రే కిరణాలు పుట్టిస్తుంది. స్విచ్ ఆపితే కిరణం ఆగిపోతుంది. కొన్ని చోట్ల కోబాల్ట్ మిషన్ ఉంటుంది. అందులో కోబాల్ట్-60 అనే పదార్థం ఉంటుంది. దాని శక్తి సుమారు 5 ఏళ్ల 3 నెలలకి సగానికి పడిపోతుంది కాబట్టి, పాతబడేకొద్దీ ఒక్కో సిట్టింగ్ ఎక్కువసేపు పడుతుంది. కోబాల్ట్ అనగానే పనికిరాదని అనుకోకండి. ఎముకకి పాకిన క్యాన్సర్ నొప్పి తగ్గించడానికి అది బాగానే పనిచేస్తుంది. నోరు, గొంతు, మెదడు లాంటి సున్నితమైన చోట్ల మాత్రం లైనాక్ ఉన్న చోటే చూసుకోండి.

లైనాక్ మీద కూడా పద్ధతులు వేరువేరు. 3డీ-సీఆర్‌టీ అంటే స్కాన్ చూసి గడ్డ ఆకారానికి తగ్గట్టు కిరణాన్ని మలచడం. ఐఎంఆర్‌టీలో కిరణం బలాన్ని కూడా చోటు చోటుకీ మారుస్తారు. వీమ్యాట్ దాని తర్వాతి రూపం, మిషన్ తిరుగుతూనే ఇస్తుంది కాబట్టి తొందరగా అయిపోతుంది. ఐజీఆర్‌టీ అంటే సిట్టింగ్‌కి ముందు అక్కడే స్కాన్ తీసి, మనిషి సరైన చోటే పడుకున్నారా అని సరిచూసుకోవడం. పేరు పెద్దదైతే వైద్యం గొప్పదని కాదు, ఏ అవయవానికి ఏది అవసరమన్నదే చూడాలి. గొంతు, నోటి క్యాన్సర్‌కి ఐఎంఆర్‌టీ అయితే లాలాజల గ్రంథులు కాపాడుకోవచ్చు, జీవితాంతం నోరు ఎండిపోయే బాధ తగ్గుతుంది. అక్కడ ఇది తప్పకుండా అడగండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఇచ్చే రేడియేషన్‌లో, ఐఎంఆర్‌టీ, ఐజీఆర్‌టీ కలిపి వాడితే పేగులకు వచ్చే దీర్ఘకాలపు ఇబ్బందులు బాగా తగ్గాయని ముంబైలోని టాటా మెమోరియల్ వాళ్లు 2021లో ప్రచురించిన పరిశోధన చూపించింది. రొమ్ము క్యాన్సర్‌లో చాలామందికి 3డీ పద్ధతి సరిపోతుంది. ఎడమ రొమ్ము అయితే ఊపిరి బిగబట్టించి ఇచ్చే పద్ధతి ఉందా అని అడగండి, గుండెకి తగిలే డోసు తగ్గుతుంది.

ప్రోటాన్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పొలం అమ్మేద్దామా అని అడిగేవాళ్లు ఉన్నారు. దక్షిణాదిలో చెన్నైలో 2019 నుంచి ఈ సౌకర్యం ఉంది. చిన్నపిల్లల క్యాన్సర్లకి, పుర్రె అడుగున, వెన్నుపూస పక్కన వచ్చే కొన్ని గడ్డలకి దానివల్ల నిజమైన ప్రయోజనం ఉంది. పెద్దవాళ్లకి మామూలుగా వచ్చే నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకి దాని కోసం ఆస్తులు అమ్ముకోవాల్సిన అవసరం లేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఎన్ని సిట్టింగులో కూడా తెలుసుకోండి. డోసుని ‘గ్రే’ అనే కొలతలో రాస్తారు. నోరు, గొంతుకి మామూలుగా 66 నుంచి 70 గ్రే, 33 నుంచి 35 సిట్టింగులు, అంటే దాదాపు 7 వారాలు. గర్భాశయ ముఖద్వారానికి 25 సిట్టింగుల దాకా బయటి నుంచి, ఆ తర్వాత బ్రాకీథెరపీ. రొమ్ముకి ఒకప్పుడు 5 వారాలు పట్టేది, ఇప్పుడు 40 గ్రేని 15 సిట్టింగుల్లో 3 వారాల్లో ముగించడం మామూలైపోయింది. బ్రిటన్‌లో చేసిన పరిశోధన తర్వాత, తగినవాళ్లకి ఒక్క వారంలో 5 సిట్టింగులతో కూడా పూర్తి చేస్తున్నారు. ఎముక నొప్పికైతే చాలామందికి 8 గ్రే ఒకే ఒక్క సిట్టింగ్‌లో ఇస్తే చాలు, పది సిట్టింగులతో సమానంగా నొప్పి తగ్గుతుంది. ఊరు నుంచి రోజూ రాలేని ముసలివాళ్లకి ఇది ఎంత ఊరటో చెప్పలేను. "తక్కువ సిట్టింగుల్లో అయ్యే పద్ధతి మాకు కుదురుతుందా?" అని నోరు తెరిచి అడగండి.

మూడో పని: ఆసుపత్రిలో అడగాల్సినవి

గుంటూరు, విజయవాడ, కర్నూలు, నెల్లూరు, కాకినాడ, వరంగల్ లాంటి చోట్ల ఇప్పుడు రేడియేషన్ దొరుకుతోంది. ప్రభుత్వ రంగంలో హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ ఉన్నాయి. విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తిరుపతిలో స్విమ్స్ ఉంది. ముందు మీ ఇంటికి దగ్గరలో ఉన్నదాన్ని చూసి, ఈ ప్రశ్నలు అడగండి.

రేడియేషన్ ఆంకాలజిస్ట్, అంటే రేడియేషన్ డాక్టర్, రోజూ ఇక్కడే ఉంటారా, వారానికి రెండు రోజులు వచ్చి పోతారా? ప్లాన్ తయారుచేసే మెడికల్ ఫిజిసిస్ట్ ఉన్నారా? మిషన్‌కి అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, లైసెన్సు ఉందా? మిషన్ చెడిపోతే సగటున ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు, రెండో మిషన్ ఉందా, పోయిన రోజుల్ని ఎలా సర్దుతారు? శనివారం పెట్టడమో, ఒకే రోజు కనీసం 6 గంటల తేడాతో రెండు సిట్టింగులు పెట్టడమో చేస్తారు. మంచి చోట ఈ ప్రశ్నకి తడుముకోకుండా జవాబు వస్తుంది. ఈ ప్రశ్నలు అడిగితే డాక్టర్ విసుక్కుంటారేమో అని భయపడకండి, నేను కలిసిన మంచి డాక్టర్లందరూ ఇలాంటి ప్రశ్నలకి సంతోషించారు.

మేం అడగనిది ఇక్కడే ఉంది: "బ్రాకీథెరపీ మీ దగ్గరే ఉందా?"

మేం వెళ్లిన ఆసుపత్రిలో లైనాక్ కొత్తది, స్టాఫ్ మంచివాళ్లు. 25 సిట్టింగులు చక్కగా జరిగాయి. ఆఖరి రోజున "లోపలి కరెంటు మా దగ్గర లేదు, వేరే చోట చూసుకోండి" అన్నారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నయం కావాలంటే చాలామందికి బ్రాకీథెరపీ తప్పనిసరి. బయటిదీ లోపలిదీ కలిపి 8 వారాల్లో ముగియాలి. ఇంకో ఊళ్లో ఆసుపత్రి వెతికి, ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు అనుమతి మళ్లీ తెచ్చుకుని, మత్తు డాక్టర్ తేదీ దొరికేసరికి 12 రోజులు. పెద్దమ్మ ఇప్పుడు బాగానే ఉంది, కానీ ఆ 12 రోజులు మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మీరు మొదటి రోజే అడగండి. అక్కడ లేకపోతే బయటి రేడియేషన్ దగ్గరలోనే తీసుకోండి, కానీ నాలుగో వారంలోపే రెండో ఆసుపత్రిలో తేదీ ఖాయం చేసుకోండి. రాతపూర్వకంగా రిఫరెన్స్ లెటర్ తీసుకోండి.

ఇంకెప్పుడు దూరం వెళ్లాలి? పిల్లల క్యాన్సర్ అయితే, మెదడులో చిన్న గడ్డకి సూటిగా గురిపెట్టి ఎక్కువ డోసు ఇచ్చే స్టీరియోటాక్టిక్ రేడియేషన్ కావాలంటే, ఒకసారి రేడియేషన్ అయిన చోటే మళ్లీ ఇవ్వాల్సి వస్తే పెద్ద సెంటర్‌కే వెళ్లండి. దగ్గరలో ఐఎంఆర్‌టీ లేని గొంతు క్యాన్సర్ పేషెంట్లకీ ఇదే నా సలహా. అనుమానం ఉంటే ఫైలు పట్టుకుని పెద్ద ఆసుపత్రిలో ఒక్కసారి ప్లాన్ రాయించుకుని, వైద్యం ఇంటికి దగ్గరి ఆసుపత్రిలో చేయించుకోవచ్చు. చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు.

డబ్బు, ప్రయాణం

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద రేడియేషన్‌కి ప్యాకేజీలు ఉన్నాయి. ఆసుపత్రిలో ఈ పథకాల పనులు చూసే మిత్ర డెస్క్ దగ్గరకి ముందే వెళ్లి, డాక్టర్ రాసిన పద్ధతికి అనుమతి వచ్చాకే తేదీ ఖాయం చేసుకోండి. 3డీకి, ఐఎంఆర్‌టీకి ప్యాకేజీ వేరు, ఏది అడిగారో కాగితం మీద చూసుకోండి. రైల్లో క్యాన్సర్ పేషెంటుకి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ పూర్తిగా ఉచితం, తోడుగా వెళ్లేవాళ్లకి 75 శాతం రాయితీ. డాక్టర్ సంతకం చేసిన కన్సెషన్ ఫారం కౌంటర్‌లో ఇవ్వాలి. మహిళలకి తెలంగాణలో మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకాల కింద కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. రోజూ రానూపోనూ మూడు గంటలు మించితే ఆసుపత్రి దగ్గరే చిన్న గది తీసుకోండి. నాలుగో వారం నుంచి బస్సులో కూర్చునే ఓపిక ఉండదు.

మొదలయ్యే ముందు

నోరు, గొంతు క్యాన్సర్ అయితే మొదట పళ్ల డాక్టర్. పీకాల్సిన పళ్లు రేడియేషన్‌కి కనీసం 10 నుంచి 14 రోజుల ముందే పీకించేయాలి. తర్వాత పీకిస్తే దవడ ఎముక మానకుండా చెడిపోయే ప్రమాదం ఉంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని, తాగే ఆడవాళ్లని నేను చూశాను. చుట్ట, గుట్కా, బీడీ ఏదైనా సరే ఆ రోజుతో ఆపాలి. పొగ తాగుతూ రేడియేషన్ తీసుకుంటే వైద్యం సరిగ్గా పనిచేయదు, నోటిపూత ఎక్కువవుతుంది.

తర్వాత సిమ్యులేషన్. ఇది వైద్యం కాదు, కొలతలు తీసుకోవడం. సీటీ స్కాన్ బల్ల మీద పడుకోబెట్టి, రోజూ అదే తీరులో పడుకునేలా గుర్తులు పెడతారు. తలకి, మెడకి అయితే ప్లాస్టిక్ వల లాంటి మాస్క్ చేస్తారు. వేడినీళ్లలో మెత్తబడిన షీటుని ముఖం మీద పరిస్తే, చల్లారాక అదే ఆకారంలో గట్టిపడుతుంది. గోరువెచ్చగా ఉంటుంది, ఊపిరి ఆడుతుంది. మూసిన చోట భయపడే మనిషైతే ముందే చెప్పండి. మగవాళ్లు ఆ రోజుకి ముందే గడ్డం తీయించుకుని రావాలి, తర్వాత గడ్డం పెరిగినా, బాగా చిక్కిపోయినా మాస్క్ సరిగ్గా కూర్చోదు.

ఆడవాళ్ల విషయంలో ఒకటి. మెడ, ఛాతీ రేడియేషన్‌కి పుస్తెలు, నల్లపూసలు తీయాల్సి వస్తుంది. అక్కడ బల్ల మీద హఠాత్తుగా చెబితే చాలామంది ఏడ్చేస్తారు. ఇంట్లో పెద్దవాళ్లతో ముందే మాట్లాడి, పుస్తెలు లేని పసుపుతాడు కట్టుకోవచ్చా అని టెక్నీషియన్‌ని అడిగి ఉంచుకోండి.

కొలతలకీ మొదటి సిట్టింగ్‌కీ మధ్య కొన్ని రోజుల నుంచి రెండు వారాలు పట్టవచ్చు. డాక్టర్ స్కాన్ మీద గడ్డనీ అవయవాలనీ గీస్తారు, ఫిజిసిస్ట్ లెక్క వేసి సరిచూస్తారు. తేదీ వచ్చాక మాత్రం అమావాస్యనో, మూఢమనో, మనవడి పెళ్లి ఉందనో జరపకండి. మంచిరోజు కావాలంటే సిమ్యులేషన్‌కి ముందే చూసుకోండి.

సిట్టింగ్ రోజులు

సోమవారం నుంచి శుక్రవారం దాకా, రోజుకి పది నుంచి ఇరవై నిమిషాలు. నొప్పి ఉండదు, మంట ఉండదు, మిషన్ తిరిగే చప్పుడు మాత్రమే. గదిలో ఒక్కరే ఉన్నా కెమెరాలో చూస్తుంటారు, చెయ్యెత్తితే ఆపేస్తారు. పొట్ట కింది భాగానికి అయితే మూత్రాశయం నింపుకుని రమ్మంటారు. ఎన్ని నీళ్లు, ఎంతసేపటి ముందు అన్నది ప్రతిరోజూ ఒకేలా పాటించండి, లేకపోతే లోపలి అవయవాలు జరిగిపోతాయి. చర్మం మీద గీతలు చెరిగిపోతే మీరే గీసుకోవద్దు, టెక్నీషియన్‌కి చెప్పండి.

బయటి రేడియేషన్ తీసుకుని ఇంటికి వచ్చిన మనిషి ఒంట్లో రేడియేషన్ ఉండదు. మనవల్ని ఎత్తుకోవచ్చు, ఒకే కంచంలో తినొచ్చు. ఇప్పుడు గర్భాశయ ముఖద్వారానికి ఇచ్చే బ్రాకీథెరపీలోనూ గుళిక కొద్ది నిమిషాలు లోపల ఉండి మిషన్‌లోకి తిరిగి వెళ్లిపోతుంది. పెద్దమ్మని వేరే గదిలో పడుకోబెట్టాలని మా ఇంట్లోనే ఒకరు అన్నారు. ఆ మాట ఆవిడ చెవిన పడింది, జబ్బు కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది. మీ ఇంట్లో ఈ సంగతి మొదటి రోజే అందరికీ చెప్పండి.

రేడియేషన్‌తో పాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు రాస్తే, ముందురోజు రక్తపరీక్ష, కిడ్నీ పరీక్ష చేయించాలి, నీళ్లు బాగా తాగించాలి. హిమోగ్లోబిన్ 10కి తగ్గకుండా చూసుకోమంటారు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో ఇది మరీ ముఖ్యం.

తిండి, నోరు, చర్మం

అసలు పోరాటం ఇక్కడే. గొంతు పేషెంట్లకి మూడో వారానికి నోటిపూత మొదలవుతుంది, రుచి పోతుంది. లీటరు నీళ్లలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలిపి, రోజుకి ఆరేడుసార్లు పుక్కిలించాలి, మింగకూడదు. ఆవకాయ, కారం, పులుపు, వేడివేడివి ఆపేయండి. రాగిజావ, పెసరకట్టు, మెత్తగా పిసికిన పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, పాలు, మజ్జిగ, అరటిపండు కొంచెం కొంచెంగా రోజుకి ఏడెనిమిది సార్లు పెట్టండి. తినే అరగంట ముందు డాక్టర్ రాసిన నొప్పిమందు వేస్తే మింగడం తేలికవుతుంది. పత్యం పేరుతో పాలు, గుడ్లు మాన్పించేవాళ్లు వస్తారు, పసరు మందు తెచ్చేవాళ్లు వస్తారు. వాళ్ల ప్రేమని కాదనకండి, ఆ సలహాని మాత్రం పక్కన పెట్టండి. ప్రతి సోమవారం బరువు చూసి రాసుకోండి. తగ్గుతూ పోతుంటే డాక్టర్ ముక్కు గొట్టం వేద్దామంటారు. అది ఓటమి అనుకోకండి, ఆ గొట్టం వల్లే కోర్సు పూర్తి చేసినవాళ్లు ఎంతోమంది.

నోరు తెరిచే వ్యాయామం రోజూ చేయించండి. మూడు వేళ్లు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకోవాలి, తగ్గుతుంటే చెప్పాలి.

పొట్టకి అయితే విరేచనాలు, మూత్రంలో మంట రావచ్చు. ఆకుకూరలు, పీచు, మసాలా కొన్నాళ్లు తగ్గించి, ఓఆర్‌ఎస్ దగ్గర ఉంచుకోండి. చర్మం నల్లబడిన చోట సబ్బుతో రుద్దకండి, పసుపు, పౌడర్, అత్తరు రాయకండి. వదులు నూలు బట్టలే వేయండి. ఏ నూనె అయినా, క్రీమైనా డాక్టర్‌ని అడిగాకే. జుట్టు కిరణం తగిలిన చోట మాత్రమే ఊడుతుంది.

నీళ్లు కూడా మింగలేకపోయినా, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం వచ్చినా, ఆయాసం, రక్తస్రావం ఉన్నా, కాళ్లు హఠాత్తుగా పట్టు తప్పినా తెల్లవారేదాకా ఆగకండి, అదే రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆఖరి సిట్టింగ్ తర్వాత

ఆ రోజు మిఠాయి పంచి వచ్చేయకండి, ఒక కాగితం అడిగి తీసుకోండి. ఏ భాగానికి, ఎన్ని గ్రే, ఎన్ని సిట్టింగులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అని రాసిన ట్రీట్‌మెంట్ సమ్మరీ అది. కుదిరితే ప్లాన్ సీడీ కూడా అడగండి. సిట్టింగులు అయిపోయిన తర్వాత కూడా దుష్ప్రభావాలు రెండు వారాలు ఎక్కువగానే ఉంటాయి, అప్పుడు భయపడకండి. గొంతు క్యాన్సర్‌కి వైద్యం ఎంత పనిచేసిందో చూసే పెట్ స్కాన్ సుమారు 12 వారాలకి తీస్తారు, అంతకుముందే తీస్తే వాపుని చూసి జబ్బు అనుకునే ప్రమాదం ఉంది. గర్భాశయ ముఖద్వార రేడియేషన్ తర్వాత యోనిమార్గం కుంచించుకుపోకుండా డైలేటర్ అనే చిన్న గొట్టం లాంటి సాధనం వాడమంటారు. ఎవరూ ఆ సంగతి ఎత్తకపోతే ఆడ డాక్టర్‌నో నర్సునో పక్కకి పిలిచి అడగండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మెడకి రేడియేషన్ అయినవాళ్లు ఆరు నెలలకో ఏడాదికో థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. ఎన్నేళ్ల తర్వాతైనా సరే, పన్ను పీకించుకోవాల్సి వస్తే ముందు రేడియేషన్ డాక్టర్‌కి ఫోన్ చేసి, ఆ సమ్మరీ కాగితం పళ్ల డాక్టర్ చేతిలో పెట్టాకే కుర్చీలో కూర్చోండి.